‘సరి’ అనేలోపు

కరెంటు గ్రిడ్ కంట్రోల్ రూమ్ ఇంజనీరు బేసిల్ ఓట్స్ తన కారులోనే శవమై దొరికాడు. చేతిలో సగం తిన్న మాంసపు రొట్టె ఇంకా వెచ్చగానే ఉంది.

"సైనైడ్," అంది గూఢచారి సంస్థ చీఫ్ లాకియర్. "ఎండ నలభై నాలుగు డిగ్రీలు దాటిన సాయంత్రం ఒక ముఠా అడిలైడ్ ఊరు మొత్తాన్నీ ఆర్పేస్తుందట. ఆ చీకట్లో రేవు నుంచి జలాంతర్గామి నక్షాలు దేశం దాటిపోతాయి. ఎలా ఆర్పుతారో ఓట్స్ చెప్పేలోపే లేపేశారు."

ఏజెంట్ రోవన్ ట్రెలోర్ ఏసీ మెకానిక్ వేషంలో కంట్రోల్ రూమ్‌లో దూరాడు. వారమంతా ఏసీ విప్పుతూ బిగిస్తూ డిస్పాచర్ నెరిడా పాస్కో పని గమనించాడు. వోల్టేజికి పై హద్దు, కింది హద్దు ఉంటాయి. అది హద్దు దాటబోతుంటే ఆమె పవర్ స్టేషన్‌కి ఫోన్ చేసి, జనరేటర్లతో దాన్ని పెంచమనో దించమనో చెబుతుంది. అవతలివాడు ఆ మాట పొల్లుపోకుండా అప్పజెప్పాలి. ఆమె "సరి" అనాలి. అప్పటిదాకా ఎవడూ మీట కదపడు.

ఇంట్లో ఆయనతోనూ ఇంతేనా అని రోవన్ ఆటపట్టించాడు.

"ఆయన అప్పజెబుతాడు, నేనే సరి అనను. నీ పని చూడు ఏసీ బాబూ, ఉక్కకి చస్తున్నాం."

ఇక ఇమోజెన్ వాస్. ముత్యాల వ్యాపారి, చూపు తిప్పుకోనివ్వని మనిషి. ముఠాలోనే ఉంటూ రెండేళ్లుగా మనకి కబుర్లు చేరవేస్తోంది. కరెంటంటే భయమనీ, ఫ్యూజు మార్చడం కూడా రాదనీ నవ్వేది. మన రోవన్ పీకల్లోతు మునిగాడు. ఈమధ్యే ఫోన్‌లో, "మార్చిలో రోబ్ ఊళ్లో, సముద్రం ఒడ్డున పెళ్లి చేసుకుందాం," అన్నాడు. ఆమె ఆ మాటే అక్షరం మారకుండా తిరిగి చెప్పి ఆగింది. పిచ్చి సన్నాసి, పొంగిపోయాడు.

ఎండ నలభై నాలుగు దాటిన సాయంత్రం రానే వచ్చింది. రేవు సబ్‌స్టేషన్‌లో బాంబు పెట్టారని ఇమోజెన్ కబురు చేసింది. రోవన్ కారులో దూసుకెళ్తూ ఆమెకి ఫోన్ చేశాడు.

"రేవు సబ్‌స్టేషన్, ఉత్తరం గేటు. ఒక్కణ్ణే వెళ్తున్నాను."

"రేవు సబ్‌స్టేషన్, ఉత్తరం గేటు. ఒక్కడివే వెళ్తున్నావు."

ఆమె దేనికోసమో ఆగింది. వారం రోజుల అలవాటుకొద్దీ రోవన్ నోట "సరి" అని వచ్చింది. ఆమె వెంటనే ఫోన్ పెట్టేసింది.

రోవన్ బ్రేకు తొక్కాడు. ఇలా అప్పజెప్పేది పవర్ స్టేషన్ ఫోన్ దగ్గర ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లే. ఫ్యూజు మార్చడం రాదట! మరి రోబ్, మార్చి, సముద్రం? అదీ ఉద్యోగపు అలవాటేనా? ఏడవడానికి తీరిక లేదు. బాంబు కథతో తనని కంట్రోల్ రూమ్‌కి దూరంగా పంపిందంటే మోసం జరిగేది ఆ గదిలోనే, నెరిడా వోల్టేజి చూసే తెరమీదే.

నెరిడాకి ఫోన్ చేశాడు. తెరమీద వోల్టేజి పై హద్దు దాటిపోతోందని, బాగా దించమని స్టేషన్‌కి చెప్పానని, రెండో ఫోన్‌లో స్టేషన్ ఆపరేటర్ ఇయాన్ అప్పజెప్పేశాడని ఆమె విసుక్కుంది.

"‘సరి’ అనకండి! ఆ తెర అబద్ధం. స్టేషన్ సొంత మీటరు ఎంత చూపిస్తోందో అడగండి."

నెరిడా రెండో ఫోన్‌లో ఇయాన్‌ని అడిగింది. అసలు వోల్టేజి కింది హద్దును ఆనుకుని ఉంది. ఇంకొక్క మెట్టు దించితే ఊరంతా చీకటే. ఆమె ఇయాన్‌కి ఆదేశం మార్చింది, దించొద్దు, పెంచమని. ఇయాన్ అప్పజెప్పాడు. "సరి," అంది నెరిడా. అడిలైడ్‌లో ఒక్క ఫ్యాన్ కూడా ఆగలేదు.

ఇమోజెన్ గ్లెనెల్గ్ తీరంలో రేవుకట్ట మీద దొరికింది. బేడీలు వేస్తుంటే తలెత్తి చూసింది.

"రోవన్, నిన్ను మాత్రం నిజంగానే ప్రేమించాను."

"నన్ను మాత్రం నిజంగానే ప్రేమించావు," అని అప్పజెప్పి రోవన్ ఆగాడు.

చాలాసేపే ఆగాడు. ఆమె "సరి" అనలేదు.