టక్... టక్... మేడమీద ఎవరు?

వీధి చివర ఖాళీగా పడున్న ఆ మేడ గురించి అందరూ ఒకే మాట చెప్పేవారు. పొద్దుగూకితే పైగదిలో ధబ్ ధబ్‌మని అడుగులు... ఆ వెంటనే ఆయాసంతో మూలుగు!

ఇళ్లు అద్దెకిప్పించే బ్రోకరమ్మ ఈ మాటల్ని కొట్టిపారేసేది. ఆ మేడ తాళంచెవి ఉండేది ఆమె దగ్గరే మరి.

ఒక సాయంత్రం మబ్బు కమ్మింది. కిటికీలు మూసొద్దామని బ్రోకరమ్మ ఆ మేడకి వెళ్లింది. తాళం వేసే ఉంది. తీసి లోపల అడుగుపెట్టిందో లేదో...

ధబ్. ధబ్.

చేతిలోని తాళాలగుత్తి జారి ఖంగున మోగింది. అడుగులు టక్కున ఆగిపోయాయి.

కాసేపటికి... మెల్లగా మెట్ల వైపు కదిలాయి.

పక్కవీధిలో కత్తి చూపించి దోచుకుపోయిన దొంగ ఇంకా దొరకలేదు. దెయ్యమో దొంగో... పారిపోతే వెంటపడితే? మెట్లకింది అరలో దూరి, పోలీసు సాయం నంబరుకి ఫోన్ చేసింది.

"చెప్పండి, ఏమైంది?"

మాట్లాడితే సరిగ్గా నెత్తిమీదున్న మనిషికి వినబడుతుంది. కొంగు నోట్లో కుక్కుకుంది.

అవతల అమ్మాయి గొంతు తగ్గించింది. "మాట్లాడితే ప్రమాదమా? అయితే ఫోన్ మీద వేలితో ఒకసారి కొట్టండి."

టక్.

పైనుంచి కూడా... టక్.

బ్రోకరమ్మకి ముచ్చెమటలు పోశాయి.

"ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే ఒకటి, లేకపోతే రెండు."

టక్.

పైన మళ్లీ... టక్!

"భయపడకండి. మీరున్న చోటు కనిపిస్తోంది, బండి బయల్దేరింది. ఫోన్ మాత్రం పెట్టేయకండి." ఆ అమ్మాయి పక్కనున్నవాళ్లతో ఏదో మాట్లాడింది. "విచిత్రంగా ఉందండీ... అదే ఇంట్లోంచి ఇంకొకరు కూడా మాట్లాడకుండా మా పక్కసీటుకి ఫోన్ చేశారు."

ఇంతలో తలుపు ధడాలున తెరుచుకుంది. పోలీసులు టార్చిలైట్లతో మెట్లెక్కారు. వాళ్ల వెనకే బ్రోకరమ్మ, దేవుళ్లందర్నీ తలుచుకుంటూ.

పైన నీళ్లడ్రమ్ము వెనక చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, చెవికి ఫోన్ ఆనించుకుని ఒక పెద్దావిడ!

"అత్తయ్యా!"

"నువ్వటే అమ్మాయ్! దొంగవెధవ అనుకుని చచ్చేంత భయపడ్డానే!"

"రోజూ సాయంత్రం పార్కుకని చెప్పి... ఇక్కడికా?"

అత్తగారు తల వంచేసుకుంది. "డాన్సు నేర్చుకుంటున్నా. ఫోన్‌లో చూసి. ఇంట్లో వేస్తే మీరంతా నవ్వుతారని... పెరటి తలుపు రెండో తాళంచెవి తీసుకుని అటునుంచే వస్తున్నా."

పోలీసులు మీసాల చాటున నవ్వు దాచుకున్నారు. అత్తగారి ఫోన్‌లోంచి ఇంకా ఎవరో ఆదుర్దాగా అడుగుతున్నారు.

"పెద్దమ్మా, ఇక మాట్లాడొచ్చు. దెబ్బలేమైనా తగిలాయా?"

"మోకాళ్లు పట్టేశాయి తల్లీ... అంతే."

ఫోన్ పెట్టేసి, కోడలి చెవి దగ్గరకొచ్చి గుసగుసలాడింది.

"మావాడికి చెప్పకే. నీకూ నేర్పిస్తా."