వార్డెనమ్మ హాజరు పట్టీ

2084 నాటికి విశాఖపట్నంలో చూసిన సినిమా గురించి మాట్లాడుకునే అలవాటు పూర్తిగా పోయింది. మాట్లాడుకోవడానికి ఏముంది? ఒకే ఇంట్లోంచి నలుగురు వెళ్లి ఒకే సినిమా చూస్తే నలుగురికీ నాలుగు కథలు కనిపించేవి. తండ్రికి విలన్ చచ్చిపోయేవాడు, తల్లికి బుద్ధి తెచ్చుకునేవాడు, కూతురికి అసలు విలనే ఉండేవాడు కాదు. బయటికొచ్చాక ఎలా ఉందంటే బాగుందనుకుని ఇంటికి పోయేవారు.

దీనికంతటికీ కారణం అనుకల్పకం. జనం నోట్లో అది ట్యూనర్. చెవి వెనక అంటించుకునే చింతగింజంత సెన్సర్ ఒకటి గుండె వేగాన్ని, చర్మం మీది తడిని, మెదడులో కదిలే కోరికనీ చదివి యంత్రానికి పంపుతుంది. మనకేం కావాలో మనకు తెలిసే లోపే యంత్రం కథను అలా మార్చేస్తుంది. బల్లులంటే భయమున్న వాడికి దెయ్యం బల్లిలా పాకుతుంది, అదీ వాడు తట్టుకోగలిగినంత మేరకే. నచ్చని కథ అన్నది లోకంలో లేకుండా పోయింది.

దాన్ని కనిపెట్టిన మనిషి భ్రమరాంబ. వయసు యాభై మూడు. సాగరతీర వినోద పరిశోధన కేంద్రంలో ఇరవై రెండేళ్లు ఆ ఒక్క యంత్రం మీదే కూర్చుంది. పరీక్షల విషయంలో ఆమె మహా పట్టుదల గల మనిషి. లక్షా పదివేల మందిని ఒక్కొక్కరిగా, మూసిన గదిలో, పక్కవాళ్ల నీడ కూడా పడకుండా కూర్చోబెట్టి వాళ్ల కోరికలు కొలిచింది. ఎక్కడ ఉపన్యసించినా ఆ మూసిన గది సంగతి గర్వంగా చెప్పేది.

అంతటి భ్రమరాంబ రెండేళ్లుగా ఒక రహస్యం దాచుకుంటోంది. ఆమె ఒక దెయ్యాల ఆటకి వీరాభిమాని.

ఆ ఆట పేరు ‘వార్డెనమ్మ’. పాలకొండలో మూతపడ్డ టైలరింగు కొట్టు మేడ మీద కూర్చుని అరుంధతి, ఆమె తమ్ముడు జోగినాయుడు ఇద్దరే తయారుచేశారు. అప్పటికి నాలుగు భాగాలొచ్చాయి. పాడుబడ్డ లేడీస్ హాస్టల్, సందు చివర చుక్కలు చుక్కలుగా కారే కొళాయి, తాళాల గుత్తి గలగలలాడించుకుంటూ గది గదికీ వచ్చి హాజరు వేసే వార్డెను. పిలిచినప్పుడు నువ్వు పలికితే లోపలికొస్తుంది. పలక్కపోతే గైర్హాజరు వేసి మరీ లోపలికొస్తుంది. బతికే దారి ఒక్కటే. నీ బదులు ఇంకెవరో పలకాలి. కాలేజీల్లో వేసే ప్రాక్సీయే ఇది. ఆడేవాళ్లంతా తమ గొంతులు రికార్డు చేసి ఆటలో వదిలిపెడతారు. ముక్కూ మొహం తెలియని వాళ్ల ప్రాణం ఆ గొంతులే కాపాడతాయి.

రెండేళ్ల కిందట ఆ ఆట ఆరోగ్యానికి చేటేమో తనిఖీ చేద్దామని పావుగంట సేపు ఆడబోయింది భ్రమరాంబ. తాళాల చప్పుడు ఆమె గది ముందు ఆగింది. “భ్రమరాంబ” అని పిలిచింది వార్డెను. అంతలో ఎక్కడినుంచో ఒక ఆడగొంతు, వెనకాల కుక్కరు విజిలుతో సహా, “ఉన్నానమ్మా” అంది. బయట పెన్ను గీసిన చప్పుడు, దూరమైపోతున్న అడుగులు. భ్రమరాంబకి ఏడుపొచ్చింది. తన యంత్రం ఇన్నేళ్లలో ఆమెకు కావలసినవన్నీ ఇచ్చింది గానీ, ఆమె బదులు పలికే మనిషిని మాత్రం ఇవ్వలేదు.

ఇంక ఆగుతుందా? నాలుగు భాగాలూ పదకొండేసి సార్లు ఆడింది. తన గొంతు కూడా రికార్డు చేసి వదిలి వందల మందికి ప్రాక్సీ పలికింది. ఏడో నంబరు గదికి రెండు తాళాలెందుకున్నాయో వివరిస్తూ అరవై పేజీల వ్యాసం రాసి అభిమానుల గుంపులో పెట్టింది. పేరేం పెట్టుకోవాలో తోచక, ఆ పూట టిఫిన్ డబ్బాలో ఉన్న కూర పేరు పెట్టేసుకుంది. గుంపులో వాళ్లకి ఆమె ‘దోసకాయ’. ఆమె మొదటిసారి విన్న గొంతు పేరు ‘కుక్కరక్క’. ఆ కుక్కరక్క ఎవరో ఏ ఊరో ఆమెకి తెలియదు. ఆదివారాలు బీచిలో మిగతా వాళ్లు కలుసుకుని, హాస్టలు మెస్సు ఆచారం తప్పకుండా నీళ్ల సాంబారు పోసుకుని ఉప్మా తింటారని మాత్రం తెలుసు. వెళ్లాలని ప్రాణం కొట్టుకునేది. ఎవరైనా గుర్తుపడితే ట్యూనర్ తల్లికి ట్యూనర్ లేని ఆట పిచ్చా అని లోకం నవ్వుతుందని ఆగిపోయేది.

అలాంటి సమయంలో భయానక ఆటలన్నిటికీ సోమవారం నుంచి ట్యూనర్ తగిలించాలని ఉత్తర్వు వచ్చింది. అరుంధతి ఊరుకోలేదు. కేంద్రానికి వచ్చి డైరెక్టరు పైడిరాజు ముందు కూర్చుంది.

“ఎవరి హాస్టలు వాళ్లకి అయిపోతే ఒకరికొకరు పలికేదెలాగండీ? ఇంకది మా ఆటేటండీ?”

పైడిరాజు చెడ్డవాడేం కాదు, పద్ధతి మనిషి. అయితే పరీక్ష పెడదామన్నాడు. ఎక్కువమందికి ప్రాక్సీ పలికిన పన్నెండు మంది అభిమానులు ఒకే హాల్లో, వాళ్ల అలవాటు ప్రకారం కలిసి కూర్చుని, ట్యూనర్ తగిలించిన ఆట ఆడతారు. ట్యూనరే బాగుందని వాళ్ల కోరికలు చెబితే ఉత్తర్వు అమలు. లేదంటే ఆటకి మినహాయింపు. పన్నెండు మందిలో ఒక్కరు రాకపోయినా, వాళ్లలో కేంద్రం ఉద్యోగి ఉన్నా పరీక్ష చెల్లదు, ఉత్తర్వు అమలవుతుంది.

శుక్రవారం ఉదయం పది గంటలకి పదకొండు మందే వచ్చారు. రిటైరైన పోస్ట్‌మాస్టరు, పళ్ల డాక్టరు, గుంటూరు బస్సు డిపోలో మెకానిక్ మస్తాన్‌బీ, ఇలా అందరూ నలభై దాటిన వాళ్లే. కొందరి నడుముకి తాళాల గుత్తులు కూడా వేలాడుతున్నాయి. పన్నెండో కుర్చీ ఖాళీ. దోసకాయ రాలేదు. పావుగంట చూసి పైడిరాజు గడియారం వైపు చెయ్యి చూపించాడు. అరుంధతి మొహం పాలిపోయింది.

పరిశీలకుల బల్ల దగ్గరే కూర్చుని ఉంది భ్రమరాంబ. నోరు మూసుకుని కూర్చుంటే తన పరువు, తన యంత్రం రెండూ నిలుస్తాయి. ఆట ఒక్కటే పోతుంది. కుక్కరు విజిలు గుర్తొచ్చింది. లేచి, తెల్లకోటు విప్పి కుర్చీకి తగిలించి, నడుచుకుంటూ వెళ్లి పన్నెండో కుర్చీలో కూర్చుంది.

“దోసకాయ నేనే” అంది.

పైడిరాజు ఆ సంగతి రిజిస్టరు రాసేటప్పుడు చూద్దామని గొణిగి, మొదలుపెట్టమన్నాడు.

ట్యూనర్ తన పని తాను చేసింది. పోస్ట్‌మాస్టరు తెర మీద నీళ్లు ముంచెత్తాయి, పళ్ల డాక్టరుకి బొద్దింకలొచ్చాయి. భ్రమరాంబ గది తలుపు తీసుకుని వచ్చింది వార్డెను కాదు, కేంద్రంలోని సహోద్యోగులంతా వరసగా నిలబడి నవ్వుతున్నారు. యంత్రం బాగానే పట్టుకుందనుకుంది ఆమె. భయం నిజంగానే వేసింది. కానీ పక్క కుర్చీలో పోస్ట్‌మాస్టరుకి ఇది కనబడదు. తన పేరు పిలిస్తే పలికే దిక్కు లేదు. ఆ సందు, ఆ కొళాయి, మిగతా పదకొండు మంది ఎక్కడున్నారో అక్కడే తానూ ఉండాలని మనసు గట్టిగా లాగింది.

తెర ఒక్కసారి వణికింది. నవ్వుతున్న మొహాలు చెరిగిపోయి సందు చివర కొళాయి చుక్క టప్పున పడింది. తాళాల చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది.

“భ్రమరాంబ.”

“ఉన్నానమ్మా.”

ఈసారి విజిలు లేదు. గొంతు మాత్రం అదే, మూడో కుర్చీలోంచి వచ్చింది. మస్తాన్‌బీ తెర మీంచి చూపు తిప్పకుండానే చిన్నగా నవ్వింది. భ్రమరాంబ కూడా తడిసిన కళ్లు తుడుచుకోలేదు, ఆట వదిలితే ఇంకొకరికి పలకాల్సిన వంతు పోతుంది.

అరగంటయ్యాక చూస్తే పన్నెండు తెరల మీదా ఒకటే హాస్టలు. కొళాయి చుక్క కూడా పన్నెండు చోట్లా ఒకేసారి పడుతోంది. యంత్రం పాడైందన్నాడు పైడిరాజు. భ్రమరాంబ యంత్రాన్నే అడిగింది.

“ఆటని ఎందుకు మార్చలేదు?”

“మార్చాను మేడమ్” అంది యంత్రం, ఎప్పటి మర్యాదతోనే. “ఎవరికేం కావాలో అదే ఇచ్చాను. పన్నెండు మందీ పక్కవాళ్లకి వచ్చిందే కావాలన్నారు.”

“ఇన్నేళ్లలో ఎవరూ అలా కోరలేదే.”

“ఇన్నేళ్లూ మీరు నాకు చూపించిన గదిలో పక్కన ఎవరూ లేరు మేడమ్.”

లక్షా పదివేల మంది, ఒక్కొక్కరుగా, మూసిన గదిలో. భ్రమరాంబ ఆ కుర్చీలోనే వెనక్కి వాలి పగలబడి నవ్వింది. తన యంత్రం ఓడిపోలేదు. మొదటిసారి మనిషిని సరిగ్గా చదివింది, చదివి తన పని తానే మానుకుంది. ఇంత సంతోషం ఆమెకి దాన్ని కనిపెట్టిన రోజున కూడా కలగలేదు.

మిగిలింది రిజిస్టరు. పైడిరాజు కళ్లజోడు సవరించుకుని వరసగా పిలిచాడు. పదకొండు పేర్లకీ టిక్కు పడింది. తర్వాత తలెత్తి, కుర్చీకి వేలాడుతున్న తెల్లకోటునీ భ్రమరాంబనీ మార్చి మార్చి చూశాడు. ఉద్యోగి అని రాస్తే అంతా వృథా.

“పన్నెండు. దోసకాయ.”

భ్రమరాంబ నోరు తెరిచేలోగా పోస్ట్‌మాస్టరు, పళ్ల డాక్టరు, మస్తాన్‌బీ, మిగిలిన ఎనిమిది మందీ ఒక్క గొంతుతో పలికారు.

“ఉన్నానమ్మా.”

పైడిరాజు ఆ పదకొండు మొహాల వైపు చూశాడు. ఎవరూ చూపు దించలేదు. ఆయన టిక్కు పెట్టి, రిజిస్టరు మూసి, లేచి వెళ్లబోయి ఆగాడు. అరుంధతి దగ్గరికి వచ్చి గొంతు బాగా తగ్గించి అడిగాడు.

“నాకూ పదమూడో కుర్చీ వేయించుకోమంటారా?”