నర్సవ్వ చీరముక్క

సిరిసిల్లలో బస్సు దిగి తంగళ్ళపల్లి ఆటో ఎక్కేసరికి పొద్దు వాలుతోంది. ఆటో కదలకముందే మహారాష్ట్ర భివండీలో మా ఇంట్లో ఉన్న నా భర్త మధుకర్‌కు ఫోన్ చేశాను.

"చిన్నోడికి జరం ఎట్లుంది? మందు తాగిండా? గ్యాస్ బంద్ చేసినవా?"

"తాగిండు. బంద్ చేసిన. తలుపుకు గొళ్ళెం గూడ పెట్టిన కలెక్టర్ మేడం."

నన్ను నవ్వించాలనే అన్నాడు కానీ, అతని గొంతు బాగా అలసిపోయి ఉంది.

మా రిత్విక్‌కు ఐదేళ్లు. వానాకాలంలో పట్టుకున్న జ్వరం చలికాలం వచ్చినా వదల్లేదు. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయంటారు డాక్టర్లు. పిల్లాడు మాత్రం కరిగిపోతున్నాడు. చివరికి మా అత్తమ్మ కళావతి ఫోన్లో గట్టిగా చెప్పింది. "నర్సవ్వ దగ్గరికి రా బిడ్డా. పుట్టినప్పుడు ఇచ్చిన గుడ్డకు బలం అయిపోయినట్టుంది. కొత్త ముక్క తీస్కపో."

నర్సవ్వ మా మామ రాజయ్యకు నాయనమ్మ వరస. నూరు దాటి ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలియదు. మా ఇంట్లో ఎవరు పుట్టినా మొదట చుట్టేది ఆమె కట్టి విడిచిన చీర ముక్కనే. ఆమె ఆయుష్షు పిల్లలకు వస్తుందని నమ్మకం. మా చిన్నోడికీ పార్శిల్లో పంపారు. ఆస్పత్రి తువ్వాలు తీసేసి నా చేతులతో నేనే చుట్టాను. ఆ ముక్క ఇప్పటికీ వాడి దిండు కింద ఉంది.

"ముసల్ది ఇంక ఉన్నదా?" అన్నాడు ఆటో నడుపుతున్న గంగయ్య, ఏ ఇంటికో చెప్పగానే. "యముడు బస్సుల నిద్రపోయి మా తంగళ్ళపల్లి స్టేజీ దాటిపోయినట్టుండు!"

నవ్వాను. అదే ఆఖరి నవ్వు.

ఇంటికి చేరేసరికి మసక పడింది. ఎదురింటి షెడ్డులో సాంచాలు నడుస్తున్నాయి. మరమగ్గాలను మా దగ్గర అట్లాగే అంటారు. ఆ చప్పుడుకు మాట వినపడదు. గంజి వాసన, ఇంజనాయిల్ వాసన. అత్తమ్మ నన్ను లోపలి అర్ర దాకా తీసుకుపోయి, చెవి దగ్గర అరిచింది. "నువ్వే అడగాలె. ఈసారి తల్లి చేతికే ఇస్తనన్నది."

నేనొక్కదాన్నే లోపలికి వెళ్లాను. కిటికీ లేని అర్ర. తడి ఆరని నూలు వాసన. నులక మంచం మీద మూటలా పడి ఉంది నర్సవ్వ.

అప్పుడే కరెంటు పోయింది.

సాంచాలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. అంత నిశ్శబ్దంలో ఆ ఊరిని నేనెప్పుడూ వినలేదు. ఆ నిశ్శబ్దంలో... ఊపిరి.

ముసలివాళ్ల ఊపిరి కాదు. చిన్నది. గబగబా. లోపలికి పీల్చినప్పుడల్లా ముక్కులో సన్నని ఈల. నెలల తరబడి రాత్రంతా చెవి పెట్టి విన్న ఊపిరి అది. తల్లి పొరపడదు. నా కొడుకు ఊపిరి... ఆమె ఛాతీలో నుంచి వస్తోంది.

"గుర్తుపట్టినవా?" అంది చీకట్లో గుసగుసగా.

తలుపు కోసం గోడ తడిమాను.

"నా బిడ్డ పుట్టిన్నాడు మా అత్తను చీర ముక్క అడిగిన. ఆమె గూడ మస్తు ఏండ్లు బతికింది. ఆడపిల్లకు ఆయుష్షు ఎందుకే అన్నది. ఉత్త నేల మీద పండవెట్టిండ్రు. చలికాలం... తెల్లారేసరికి కట్టె లెక్క బిగుసుకపోయింది."

మంచం కిర్రుమంది.

"గప్పుడే అనుకున్న. ఈ ఇంట్ల పుట్టినోళ్లందరికి నా గుడ్డనే చుట్టాలె అని. చుట్టిండ్రు. మొక్కి మరీ తీస్కపోయిండ్రు. ఒక్కొక్కలు నాకంటె ముందుగాల పోయిండ్రు. నీ మామ గూడ."

"నా కొడుకు నీకేం జేసిండు అవ్వా?"

"నా బిడ్డ ఎవలకేం జేసింది?"

చల్లటి చెయ్యి నా చేతిలో ఏదో పెట్టింది. మెత్తటి గుడ్డ. విసిరికొట్టి వాకిట్లోకి పరుగెత్తాను. మధుకర్‌కు ఫోన్ చేశాను.

"దిండు కింది గుడ్డ కాల్చెయ్. ఇప్పుడే!"

"అవ్వ ఇచ్చింది... పిచ్చి లేసిందా నీకు?"

"నీ కాళ్లు మొక్కుత. కాల్చు!"

స్టవ్ వెలిగిన చప్పుడు. తర్వాత... కమురు వాసన. ఫోన్లోంచి రాదు కదా వాసన. అర్రలో నుంచి వచ్చింది. లోపల ఈల వేస్తున్న ఊపిరి ఆగింది.

కరెంటు వచ్చింది. సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. ఆ మోతను మించి అత్తమ్మ శోకం వినిపించింది.

నిమిషాల్లో వాడకట్టంతా వచ్చింది. అంత పెద్ద ప్రాణం పోతే వట్టి చేతులతో ఎవరు పోతారు? శవం మీది చీరను ఆడవాళ్లు చింపుకుంటున్నారు. పక్కింటి సత్యవ్వ చంకలో బాలింత కూతురి పసిగుడ్డు.

"వద్దు! చుట్టకుండ్రి!" అని అడ్డం పడ్డాను.

"దూరం జరుగు. నీ కొడుకుకైతె చుట్టినవ్, నా మనుమరాలికి వద్దా?" అని కసిరింది సత్యవ్వ. చర్రుమని చింపింది. ఆమె వెనక ఇంకొకామె. ఆమె వెనక ఇంకొకామె. చింపుతూనే ఉన్నారు. చీర మాత్రం పాదాల దాకా అట్లాగే ఉంది... అంచు కూడా తగ్గలేదు.

ఫోన్ మోగింది. మధుకర్.

"జరం దిగింది! చెమట పట్టి, వెచ్చగ పండుకున్నడు."

గోడకు ఆనుకుని కూలబడ్డాను. ఏడుపు తన్నుకొచ్చింది. అయినా నోరు ఊరుకోలేదు. "మీద ఏం కప్పినవ్?"

"నువ్వు కప్పిపోయినవ్ గదా. పాత చీర."

"నేనేం కప్పలే..."

ఫోన్లో, పిల్లాడి మంచం దగ్గర నుంచి... ఎవరో నిదానంగా గుడ్డ చింపుతున్న చప్పుడు.