రేపల్లె రేవులో తైమూరు

తెనాలి గంగానమ్మపేటలో చిత్రకారుడు బర్నబాస్ తన కుర్చీలోనే చచ్చిపడి ఉన్నాడు. మెడ చుట్టూ సన్నటి వైరు గీత. వేళ్లకు అంటిన బంగారు రంగు ఇంకా తడారలేదు.

ఏజెంట్ వినయ్ కుమార్ ఆ వేళ్లకేసే చూస్తూ నిలబడ్డాడు. పెయింటింగులు దొంగిలించే ముఠాలో చేరి సమాచారం ఇవ్వమని ఆ మనిషిని ఒప్పించింది తనే. "ఒక మాట చెప్పాలి సార్, ఫోన్లో వద్దు" అని పొద్దున్నే బర్నబాస్ అన్నాడు. వచ్చేసరికి ఇదీ సంగతి.

ఫోన్ మోగింది. చీఫ్ ప్రేమ్ కుమార్.

"సూర్యలంకలో మనం పట్టుకున్న పెయింటింగ్, తైమూరు కోట ముట్టడి. అది ఏ దేశంలో దొంగిలించారో ఆ దేశపు మంత్రికి ఈ సాయంత్రం బాపట్లలో అప్పగిస్తున్నాం. ఆయన్ని అక్కడే చంపాలని ముఠా ప్లాను. నింద మన మీద పడుతుంది. ఎలా చంపుతారో తెలీదు."

"పెయింటింగ్ ఎవరి దగ్గరుందండి?"

"తేజస్విని దగ్గర. ముఠా వదిలి మన పక్షాన చేరిందిగా. ముఠా పడవల మీద నిఘాకి రేపల్లె రేవులో మన ఏజెంట్ కృపారాణి ఉంది. నువ్వు బాపట్ల వెళ్లు. కోడ్ గుర్తుంచుకో. రాజుగారంటే పెయింటింగ్."

సాయంత్రానికి వినయ్ ఫొటోగ్రాఫర్ వేషంలో బాపట్లలో అప్పగింత జరిగే హాల్లో ఉన్నాడు. చెవిలో బఠాణీ గింజంత ఇయర్‌పీస్. వేదిక మీద వెల్వెట్ తెర, పక్కనే పట్టుచీరలో తేజస్విని. ఆమె నవ్వితే ముందు వరసలన్నీ అటే తిరిగాయి.

"ఫ్రేము నేనే చెక్ చేశానండి. క్లీన్," అంది వినయ్ పక్కకొచ్చి, మెల్లగా. "బర్నబాస్ సంగతి విన్నాను. పాపం."

ఆ మాట అని తలుపు వైపు నడిచింది. మంత్రి తెర తాడు అందుకున్నాడు.

ఇయర్‌పీస్‌లో కృపారాణి గొంతు. చేపలు కొనే వేషంలో ఓ పడవ గాలించిందామె. "సార్, రాజుగారు రేవులో ఉన్నారండి. ఐసు పెట్టెలో దాచారు. సీలు మనదే. అసలుదే."

అసలుది పడవలో ఉంటే తెర వెనకున్నది బర్నబాస్ వేసిన నకలు. అసలుదాన్ని ముందే తప్పించారంటే, ఇక్కడున్నది తునాతునకలు కాబోతోంది.

తాడు కదిలింది. వినయ్ కెమెరా వదిలేసి వేదిక మీదికి దూకి మంత్రి మణికట్టు ఒడిసి పట్టాడు.

"డోంట్ మూవ్, సర్."

తాడులో అల్లిన సన్నటి వైరు ఫ్రేములోకి పోతోంది. ఇంకో బెత్తెడు లాగి ఉంటే చాలు.

తలుపు దగ్గర తేజస్విని ముఖంలో నవ్వు లేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి రిమోట్ పైకొచ్చింది. సైలెన్సర్ బిగించిన వినయ్ పిస్టల్ ఒక్కసారే పలికింది; ఆమె తలుపు అవతలికి ఒరిగిపోయింది.

అతను వెళ్లేసరికి ఆమెకి కొనఊపిరి ఉంది.

"బర్నబాస్‌ని ఎందుకు చంపారు?"

"రెండు బొమ్మలున్నాయని తెలిసినవాడు... అతనేగా," అని కళ్లు మూసింది.

బాంబు స్క్వాడ్ ఫ్రేము పట్టుకెళ్లాక వినయ్ తెనాలి వెళ్లాడు. బర్నబాస్ భార్య రిబ్కా ఏడవలేదు.

"దొంగబొమ్మలు వేసేవాడని అంటున్నారండి. నిజమేనా?"

"లేదమ్మా. మా మనిషి."

"ఆ మాట చర్చిలో చెప్తారా?"

చెప్పడానికి అతనికి అనుమతి లేదు.

తెర తాడు చిక్కుపడి ఆవిష్కరణ కాస్త ఆలస్యమైందని మర్నాడు పేపర్లు రాశాయి. వాటికి ఆ వార్త ఇచ్చింది చీఫే.