నిలబడి పట్టే సాన

"గ్రైండరుకి స్టాండు కావాలండి," అన్నాడు దేవీప్రసాద్, రేకుల షెడ్డు కింద నిలబడి తల తుడుచుకుంటూ. బయట వాన దంచికొడుతోంది.

"పిండి రుబ్బేదా?" అంది వెల్డింగ్ మాస్కు లోపలి నుంచి ఓ గొంతు.

"కాదండి. కత్తులు సాన పట్టేది."

మాస్కు పైకి లేచింది. లోపల ఓ అమ్మాయి. ముక్కు మీద మసి, దాని పక్కనే చిన్న ముక్కుపుడక. దేవీప్రసాద్ ఆమెను దాటి షెడ్డంతా చూపులతో గాలించాడు.

"ఓనరు గారు లేరా?"

"మా నాన్న ఐరన్ షాపుకెళ్ళేరు. ఏటి కావాలో నాకు సెప్పండి."

"అంటే... వెల్డింగ్ చేసేవాళ్ళు ఎవరైనా..."

"మరి ఇప్పటిదాకా నేను సేత్తన్నది ఏటనుకున్నారు? దీపావళా?"

దేవీప్రసాద్‌కి చెవులు వేడెక్కాయి. సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి మనిషి ఏదో ఒక గొప్ప చెప్పుకుంటాడు కదా, అతనూ చెప్పుకున్నాడు. "నాది డిప్లొమా మెకానికల్. నేనే చేసుకుంటాను. మిషను కాసేపు ఇవ్వండి, చాలు."

"తీసుకోండి సార్," అంది గంగాభవాని, మహా వినయంగా.

గంటకి స్టాండు నాలుగు కాళ్ళ మీద నిలబడింది. భవాని వచ్చి చెప్పు కొనతో ఒక్కసారి తాకింది. కాలొకటి ఊడి దొర్లుకుంటూ వానలోకి పోయింది.

"ఇది ఎల్డింగా? పిట్టలు రెట్టేసినట్టుంది," అంటూ వంగి చూసి, "ఇంతకీ ఎవరికిది?" అంది.

"మా నాన్నకి."

చెప్పక తప్పలేదు. దేవీప్రసాద్ తండ్రి పరదేశి బెల్లం మార్కెట్ దగ్గర చిన్న దుకాణంలో ముప్పై ఏళ్ళుగా చెరకు నరికే కత్తులకీ కొడవళ్ళకీ సాన పడుతున్నాడు. గ్రైండరు నేల మీద చెక్కకి బిగించి ఉంటుంది. దాని ముందు గొంతుక్కూచుని పని. చివరికి నడుం పట్టేసింది. ఇంకోసారి అలా కూర్చున్నావంటే మంచం పడతావని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు. వచ్చే నెలలో చెరకు నరుకుడు మొదలు. పరదేశి మాత్రం పొద్దున్నే లేచి, తయారై, ఎక్కడికీ వెళ్ళకుండా అరుగు మీద కూర్చుంటున్నాడు.

భవాని నవ్వు ఆగిపోయింది. "ఆయన మోచెయ్యి నేల నుంచి ఎంత ఎత్తుంటాది?"

"నెట్‌లో స్టాండర్డ్ హైటు చూశాను."

"నెట్‌లో మీ నాన్న లేరు కదా. ఎల్లి కొలుసుకురండి."

ఆ సాయంత్రం తండ్రిని గోడకి ఆనించి నిలబెట్టి, పురికొస పట్టుకుని నేల మీద కూర్చున్నాడు దేవీప్రసాద్.

"ఏట్రా ఇది?"

"కదలకు నాన్నా."

అంత దగ్గరగా తండ్రిని చూసి ఎన్నేళ్ళయిందో. కుడి భుజం ఎడమదాని కంటే కిందికి జారి ఉంది. ముంజేతి నిండా నిప్పురవ్వలు కాల్చిన చిన్న చిన్న మచ్చలు. తన ఫీజులన్నీ ఆ చేతిలోంచే వచ్చాయి. మోచేతి ఎత్తు దగ్గర పురికొసకి ముడి వేశాడు.

మర్నాడు పురికొసతో పాటు ఆ భుజం సంగతి కూడా చెప్పాడు. భవాని కాసేపు ఆలోచించి, "అయితే ఎత్తు ఓ అంగుళం తగ్గిద్దాం. కింద అడ్డంగా ఓ రాడ్డు ఏత్తాను. అలిసినప్పుడు ఓ కాలు దానిమీద పెట్టుకుంటే నడుంకి సుఖం," అంది.

రెండు సాయంత్రాలు పట్టింది. తను పనిచేసే షోరూమ్‌లో స్పేర్ పార్ట్స్ కౌంటరు మూసి నేరుగా షెడ్డుకి వచ్చేవాడు. అతను పట్టుకునేవాడు, ఆమె అతికేది. 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది. రెండో సాయంత్రం కళ్ళకి నల్ల అద్దం అడ్డు పెట్టుకోవడం మర్చిపోయి ఆమె అతుకుతుంటే చూస్తూ నిలబడ్డాడు. తెల్లారేసరికి కళ్ళల్లో ఇసుక పోసినట్టయింది.

ఫోన్లో భవాని ఒకటే నవ్వు. "మంటని సూసేవా, నన్ను సూసేవా?"

"రెండూ ఒకచోటే ఉన్నాయి మరి."

అటువైపు నవ్వు టక్కున ఆగింది. "కళ్ళ మీద బంగాళాదుంప సెక్కలు పెట్టుకో, మంట తగ్గుద్ది," అని ఫోను పెట్టేసింది.

స్టాండు దుకాణానికి చేరిన రోజు పరదేశి దాని ముందు నిటారుగా నిలబడ్డాడు. చెరకు కత్తి అంచు రాయికి తాకించాడు. రవ్వలు ఎగిశాయి. నడుం వంగలేదు. కత్తి పక్కన పెట్టి, చుట్టూ చేరిన రైతుల ముందే కొడుకు తల నిమిరాడు.

"నా కొడుకు సేసేడయ్యా. నన్ను నిలబెట్టేడు."

"డిప్లొమా సదివించినందుకు రుణం తీర్చుకున్నాడు," అన్నారెవరో.

దేవీప్రసాద్ నోరు తెరిచాడు. తండ్రి కళ్ళల్లో నీళ్ళు చూసి మూసుకున్నాడు.

గుమ్మంలో భవాని నిలబడి ఉంది. స్టాండు కాళ్ళకి తొడిగే రబ్బరు బుష్షులు పట్టుకొచ్చింది. వాటిని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు షెడ్డుకి పరిగెత్తాడు. "భవానీ, నేను చెప్పాలనే..."

"మీ నాన్నగారికి నొప్పి తగ్గింది కదండీ. అది సాలు."

ఆ 'అండీ' చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. అటు నుంచి అటే దుకాణానికి వెళ్ళి తండ్రికి మొత్తం చెప్పేశాడు, ఊడిపోయిన కాలుతో సహా.

పరదేశి గ్రైండరు ఆపాడు. "నువ్వు సెయ్యలేదని బాధ లేదురా. ఆ పిల్లకి సెప్పాల్సిన మాట నీకు సెప్పించేవు, సూడు, అదీ బాధ." కత్తులు గుట్టగా పడి ఉండగానే తలుపు వేసేశాడు. "పద."

షెడ్డులో నలుగురైదుగురు గేట్ల కోసం వచ్చి ఉన్నారు. భవాని తండ్రి చిన్నబాబు వాళ్ళతో బేరంలో ఉన్నాడు. పరదేశి ఎవరినీ చూడకుండా తిన్నగా భవాని ముందుకెళ్ళి చేతులు జోడించాడు.

"తల్లీ, ఇంక పని సెయ్యలేననుకున్నాను. నీ సేతి చలవ, నిలబడి సేత్తన్నాను."

"అయ్యో బాబాయ్, పెద్దోరు మీరు, సేతులు దింపండి!"

"నేనివ్వగలిగింది ఒకటే. ఈ షెడ్డులో మొద్దుబారినయ్యి ఏటుంటే అయ్యి తే. ఉలులు, డ్రిల్లు బిట్లు, ఏదైనా. నా సెయ్యి ఆడినంత కాలం నీయి నేనే సాన పడతాను."

చిన్నబాబు తల వంచుకున్నాడు. తర్వాత కస్టమర్ల వైపు తిరిగి, "మీరు సూసి మెచ్చుకున్న గేట్లు సగం మా అమ్మాయి ఎల్డింగే. ఆడపిల్లంటే ఆర్డరు రాదేమోనని నేనే సేసేనని సెప్పుకుంటన్నాను," అన్నాడు. భవాని ఒక్కసారిగా మాస్కు దించేసుకుంది. పని మాత్రం ఏమీ చెయ్యలేదు. మాస్కు కిందికి వేలు దూర్చి కళ్ళు తుడుచుకోవడం దేవీప్రసాద్ ఒక్కడే చూశాడు.

సాయంత్రం జల్లు పడుతుంటే ఆమె ఇంటికెళ్ళడానికి కశింకోట షేర్ ఆటో ఎక్కింది. ఆటో నిండా జనం. దేవీప్రసాద్ పరిగెత్తుకొచ్చి పక్కన నిలబడ్డాడు.

"నీతో ఒక మాట చెప్పాలి. దిగుతావా?"

"దిగను. ఇక్కడే సెప్పు, అందరూ ఇనేటట్టు."

అతను ఊపిరి పీల్చుకున్నాడు. "ఆ స్టాండు చేసింది నువ్వు. థ్యాంక్స్ చెప్పాల్సింది నేను, చెప్పలేదు. తప్పు నాదే. ఇంకోటి... నువ్వంటే నాకు ఇష్టం. చాలా."

డ్రైవరు స్టార్ట్ చేసిన బండి ఆపేశాడు. కూరగాయల బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ముసలామె భవానిని మోచేత్తో పొడిచింది. "ఏదో ఒకటి సెప్పమ్మా, పిల్లోడు తడిసిపోతన్నాడు."

భవాని అతని వైపు చూడలేదు. బుట్ట కాస్త పక్కకి జరిపింది.

"కొంచెం సర్దుకో మామ్మా. ఇంకో మనిషి ఎక్కుతాడు. మా అమ్మకి సూపించాలి."