చెయ్యి తీశావా?

రోబోల పోటీ ఫైనల్‌కి ఇంకా ఇరవై నిమిషాలుంది. పోటీ హాలు కింద కిటికీల్లేని నేలమాళిగలో జట్టుకొక బల్ల ఇచ్చారు. ఓడినవాళ్ళు సామాను సర్దుకెళ్ళడంతో సగం దీపాలు ఆర్పేశారు. పైనుంచి జనం కేకలు సన్నగా వినిపిస్తున్నాయి. అక్క రోబో ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చెల్లెలు పక్కన నిలబడి ఆవలిస్తోంది. దాని బొమ్మ గీసి, భాగాలన్నీ బిగించింది అక్క, నడిపేది చెల్లెలు.

రోబో గొప్పతనమంతా చక్రాల్లోనే ఉంది. నాలుగూ ఒక్కసారే ఎటు కావాలంటే అటు తిరుగుతాయి. నాలుగింటినీ తిప్పేది ఒకటే పొడవాటి చైను. అది వదులైతే పన్ను జారి చక్రాలు తలోదారి పడతాయి. మరీ బిగిస్తే మోటారు మూలుగుతుంది. సైకిళ్ళు బాగుచేసే బాబాయి దీనికో కొలత చెప్పాడు. "బొటనవేలితో నొక్కమ్మా. వేలి మందం దిగితే చాలు. కాపురం లాంటిదే ఇదీ. బిగువూ ఉండాలి, ఊపిరీ ఆడాలి."

ఇంకో నియమం కూడా ఆయనదే. స్విచ్ దగ్గరున్న మనిషి "చెయ్యి తీశావా?" అని అడగాలి. చైను దగ్గరున్న మనిషి "తీశాను" అనాలి. ఆ మాట వినేదాకా స్విచ్ ముట్టుకోకూడదు.

మూడు నెలల క్రితం అక్క అడిగింది. జవాబు కోసం ఆగలేదు. అంతే, చైనులో ఉన్న బాబాయి బొటనవేలు నుజ్జయింది. "నా తొందరేలే," అని అందరితో ఆయనే చెప్పాడు. గాయం చీముపట్టి, ఒళ్ళంతా విషమెక్కి, నెల తిరక్కుండానే పోయాడు. నిజం తెలిసిన ఇద్దరిలో అక్క ఒక్కతే మిగిలింది. తన చేతులు పట్టుకుని పిన్ని ఏడ్చినప్పుడు కూడా ఆ మాట చెప్పలేదు.

"మళ్ళీ వదులైందక్కా," అంది చెల్లెలు. పొద్దుట్నుంచి ఇది మూడోసారి. ప్రతిసారీ సరిగ్గా ఒక వేలి మందం ఎక్కువ దిగుతోంది.

అక్క మళ్ళీ బిగించింది. చెల్లెలు వంగి చైను పట్టుకుంది. అక్క స్విచ్ దగ్గరికెళ్ళింది.

"చెయ్యి తీశావా?"

"తీశాను."

గొంతు బొంగురుగా ఉంది. అక్క వేలు స్విచ్ మీద పడబోయి ఆగింది.

చెల్లెలు తలెత్తింది. "అప్పుడే నొక్కేస్తున్నావేంటక్కా? నేనింకా ఏమీ అనలేదు."

ఆమె చెయ్యి ఇంకా చైనుకీ పళ్ళచక్రానికీ మధ్యనే ఉంది.

అక్క ఒక్క ఉదుటున ఆ చెయ్యి బయటికి లాగింది. బ్యాటరీ ఊడదీసి బల్ల మీద పెట్టింది. గ్రీజు వాసనలో ఇంకేదో కలిసింది. పుండుకి రాసే మందు వాసన.

"పైకెళ్ళి ఐదు నిమిషాలు గడువడుగు. పో!"

"నువ్వో?"

"వస్తాను, పోవే!"

మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగింది. అక్క గొంతు తగ్గించింది. "బాబాయ్... దాన్నొదిలెయ్. తప్పు నాది. నేనే నొక్కాను."

కాసేపటికి చక్రాలు కదిలాయి. నాలుగూ ఒక్కసారే... నెమ్మదిగా... ఆమె వైపు తిరిగి ఆగాయి. చైను మళ్ళీ వేలాడింది.

పారిపోవాలనిపించింది. కానీ అలా వదిలేస్తే చెల్లెలొచ్చి ఆ చైనులో చెయ్యి పెడుతుంది. పెట్టక మానదు. బ్యాటరీ లేదుగా, ఏమవుతుంది? అక్క ధైర్యం కూడగట్టుకుని బొటనవేలితో నొక్కింది.

వేలి మందం దిగింది. ఆ తర్వాత చైను తనంతట తానే బిగుసుకోసాగింది. పని తెలిసిన చెయ్యి బిగించినట్టు... తొందర లేకుండా... ఒక్కో పన్నే... బొటనవేలు చైనుకీ పళ్ళచక్రానికీ మధ్య ఇరుక్కుపోయింది.

లాగింది. రాలేదు. రెండో చేత్తో లాగింది. రాలేదు. అరిచింది. సరిగ్గా అప్పుడే పైన జనం కూడా హోరుమన్నారు. ఎవరికి వినిపిస్తుంది?

స్విచ్ వైపు నుంచి ఎవరో అడిగారు.

"చెయ్యి తీశావా?"

విసుగ్గా, హడావిడిగా. అది బాబాయి గొంతు కాదు. మూడు నెలల కిందటి తన గొంతే.

"లేదు" అనడానికి నోరు తెరిచింది. అడిగిన గొంతు జవాబు కోసం ఆగలేదు.

టక్.

బ్యాటరీ మాత్రం బల్ల మీదే ఉంది.