పువ్వు అంచు దిమ్మలు

"నా మనవరాలికి నేను విషం పెట్టానంటున్నాడు బాబూ, మా అల్లుడు." పెద్దావిడ రేకు డబ్బా ఒకటి బల్ల మీద పెట్టింది. "రేపు పోలీసులకి చెప్తాడట. ఆసుపత్రిలో పిల్లని చూడనివ్వడం లేదు. ఇవే నేను చేసిన కేకులు. కావాలంటే మీరే తిని చూడండి."

మూడు కప్పు కేకులు. పది రోజులనాటివి, రాళ్లయిపోయాయి. జాలిగుండె అసిస్టెంటు అంత పనీ చేయబోయాడు. కళ్లజోడు (ఆ ప్రైవేట్ డిటెక్టివ్‌ని ఊరంతా పిలిచే పేరు అదే) అతని చేతిలోంచి కేకు లాక్కుని తిరగేశాడు. చుట్టూ పువ్వు రేకుల్లాంటి అంచు. అడుగున బఠాణీ గింజంత గుంట.

"డాక్టర్లేమన్నారు?"

"ఒంట్లో సీసం చేరిందట. మందులకి తగ్గుతుందన్నారు. మా అల్లుడు ఇంటి వెనక షెడ్డులో చేపల వలలకి సీసం గుండ్లు పోస్తాడు. తన మీద కసితో ఆ పొడి పిండిలో కలిపానట."

"కసి ఉందా?"

ఆవిడ తల దించుకుంది. "ఈ పెళ్లికి నేను ఒప్పుకోలేదు. అది నిజమే."

"కేకులు పోసే గుంటల రేకు ఎక్కడుంది?"

"డాక్టర్లు సీసం అని చెప్పిన రోజు నుంచీ కనబడటం లేదు బాబూ."

గంటలో కళ్లజోడూ అసిస్టెంటూ ఆ షెడ్డులో ఉన్నారు. అల్లుడి గొంతు పెద్దది. తప్పు చేసినవాళ్ల గొంతులు చాలావరకు అంతే.

"గోరంత సీసం కూడా ఇంట్లోకి రానివ్వనండీ! పనవగానే స్నానం, బట్టలు మార్చడం. మా ఆవిడని అడగండి."

గుమ్మంలో నిలబడ్డ భార్య తలూపింది.

"పాత సీసం కరిగించి దేంట్లో పోసి దాస్తారు?"

"ఇదిగో, ఇనప అచ్చు. నాలుగు గదులు. కాస్త తుప్పు పట్టినా మంచిదే, సీసం అంటుకోదు. తడి మాత్రం ఉండకూడదు. తగిలిందా, మొహం మీదకే చిమ్ముతుంది."

కళ్లజోడు అచ్చులో వేలు పెట్టాడు. కొట్టువాడు పూసిన నూనె వేలికి అంటింది. బల్ల కింద గోనె కప్పిన సీసం దిమ్మల గుట్ట కనిపించింది. కాగితం చుట్టిన చేత్తో ఒక దిమ్మ తీసుకున్నాడు.

"ఈ అచ్చు ఎప్పుడు కొన్నారమ్మా?"

"డాక్టరు సీసం అని చెప్పిన రోజేనండీ. వస్తూ సంచిలో తెచ్చారు," అంది భార్య అమాయకంగా.

ముందుగదిలో అందర్నీ కూర్చోబెట్టి, కళ్లజోడు బల్ల మీద దిమ్మ పెట్టాడు. పక్కన ఎండిన కేకు పెట్టాడు. రెండింటికీ ఒకే పువ్వు అంచు. రెండూ తిరగేశాడు. ఒకే చోట, ఒకే గుంట.

"ఇనప అచ్చుకి ఇంతవరకు వేడే తగల్లేదు. అందులో పోస్తే దిమ్మలు పలకల్లా వస్తాయి, పువ్వుల్లా రావు. అచ్చు కోసం కొట్టు దాకా వెళ్లడానికి మీకు బద్ధకం. వంటింట్లో కేకులు పోసే అల్యూమినియం రేకు చేతికందింది. సీసం దానికి అంటుకోదు, తట్టితే ఊడిపడుతుంది. పనయ్యాక తోమి మళ్లీ గూట్లో పెట్టారు. పెద్దావిడకి తెలియక అందులోనే కేకులు పోసింది."

అల్లుడి గొంతు ఈసారి పైకి రాలేదు. "తళతళా మెరిసేదాకా తోమాను సార్. శుభ్రమైపోయిందనుకున్నాను. డాక్టరు చెప్పగానే అర్థమైంది. రేకు కాలవలో పడేశాను. పెద్దయ్యాక నా కూతురు నా మొహం చూస్తుందా? అందుకే..."

"అందుకే నేరం అమ్మమ్మ మీదకి నెట్టారు."

"నేనూ నమ్మానమ్మా," అంటూ భార్య మొహం కప్పుకుంది. "కన్నతల్లివి, నిన్ను ఒక్క మాట అడగలేదు."

పెద్దావిడకి గెలిచినట్టు లేదు. తన రెండు చేతుల్నీ చూసుకుని, ఒళ్లో దాచుకుంది.

"పోలీసుల సంగతి మానేసి, ఆసుపత్రికి పదండి," అన్నాడు కళ్లజోడు. "డాక్టరుకీ, మీ అమ్మాయికీ ఇది మీ నోటితోనే చెప్పాలి."

అల్లుడు గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు. "అత్తయ్యా, ముందు మీరు నడవండి. మీరు కనబడితే దానికి ప్రాణం లేచొస్తుంది."

"నువ్వే నడు నాయనా," అంది ఆవిడ, కూర్చున్న చోటు నుంచి కదలకుండా. "నన్ను చూడగానే కేకులు తెచ్చావా అమ్మమ్మా అని అడుగుతుంది. నేనేం చెప్పను?"

కేసు తేలిన ప్రతిసారీ "భలే సార్!" అనే అసిస్టెంటు ఆ పూట బల్ల మీది ఎండిన కేకు తీసి, ఆవిడకి కనబడకుండా జేబులో దాచేశాడు.